ఉగ్గుగిన్నె ఎక్కడుందో నాకు తెలుసు

కొందరు గుండెల మీద బండరాయి మోస్తారు. నేను ఉగ్గుగిన్నె మోస్తున్నాను. చిన్నదే, ఇత్తడిది. మా పాపకు పాలపళ్లు రాకముందు మాయమైంది. ఇప్పుడు ఆ పళ్లు ఊడుతున్నాయి. కాకి ఎత్తుకెళ్లిందని ఇంట్లో చెప్పాను. మీరెవరో మావాళ్లెవరికీ తెలియదు కాబట్టి మీతో అంటున్నాను. కాకి కాదు, నేనే.

మావారు యూనివర్సిటీలో ఇంజనీరింగు లెక్చరరు. మిలిటరీ వేలంలో పెద్ద మోటారుసైకిలు కొన్నారు. చూపుడువేలు, నడిమివేలు విడదీసి పట్టినట్టు దానికి రెండు సిలిండర్లు. స్టార్టు చేస్తే క్వార్టర్ల కిటికీలన్నీ అదిరేవి, పాప ఉలిక్కిపడి ఏడ్చేది. హాండిలు కాస్త తిప్పితే ముందుకు దూకేది. ఆయన తార్నాక మలుపు తిరిగేదాకా నాకు ఊపిరాడేది కాదు.

రోజూ హాయిగా తిరగడానికి వీలుగా దాన్ని సాధువును చేస్తానని ఆయన ఇంజను విప్పారు. లోపలి ఒత్తిడి తగ్గడానికి సిలిండర్ల కింద రాగి రేకులు వేశారు. పెట్రోలు తక్కువ పోయేలా కార్బురేటరులో చిన్న జెట్టు పెట్టారు. అంతా బిగించి స్నానానికి వెళ్లారు.

నేను వరండాలో పాపకు ఉగ్గు పెడుతున్నాను. ఎదురుగా బండి సైలెన్సరు నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది. పొగ పోయే దారి ఇరుకైతే ఇంజను జోరు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. బీఎస్సీ ఫిజిక్సు చదివినదాన్ని, ఆ మాత్రం తెలుసు. గిన్నె కడిగాను. ఎందుకు కడిగానో ఇప్పటికీ తెలియదు. దాన్ని ముక్కు వైపు నుంచి సైలెన్సరులో దూర్చి, అప్పడాల కర్రతో లోపలికంటా కొట్టాను. పాప నిద్ర కోసమా? ఆయన ప్రాణం కోసమా? లేక ఆ రాగి రేకుల మీద నాకు నమ్మకం లేకనా? మూడోదే నిజమైతే, భార్యగా నేను చేసిన అసలు తప్పు అదేనేమో.

బండి ఆవులా నడిచింది. మమ్మల్నిద్దరినీ వెనక కూర్చోబెట్టుకుని హబ్సిగూడ దాకా తిప్పుకొచ్చారు. ఆ ముఖంలో వెలుగు చూశాక, గిన్నె కాకి ఎత్తుకెళ్లిందని చెప్పాను.

అదే వేలంలో అలాంటి బండే కొన్న ఆయన స్నేహితుడు జోసెఫ్ అన్న, తార్నాకలో ఉంటాడు. అవే రేకులు, అదే జెట్టు వేసుకుని, ధీమాగా అత్తగారిని ఎక్కించుకుని మౌలాలికి బయలుదేరాడు. సాయంత్రం మా ఇంటికొచ్చాడు.

"అన్నా, నువ్వు చెప్పినట్టే చేసిన. బండి ఒక్కసారే దుంకింది. మా అత్త ఇసుకకుప్పల కూసున్నది!"

"నాది ఆవు లెక్క నడుస్తలేదా? నీకు చేతకాలే, జోసెఫ్."

"చేతకాలేదా? కావాల్నని పడగొట్టిన్నంటున్నది మా అత్త! వదినె, నువ్వు చెప్పు. ఈన ఇంకేమన్న చేసిండా బండికి?"

"బండ్ల సంగతి నాకేం తెలుసన్నా?" అన్నాను.

ఆ ఒక్క మాటే. గిన్నె దూర్చడం భయంతో చేశాను, ఈ మాట మాత్రం తెలిసి అన్నాను. ఆనాటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. జోసెఫ్ అన్న బండి అమ్మేసి సైకిలు తొక్కుతున్నాడు. ఆ సైకిలు పక్కనుంచే మావారు ఆవు మీద మెత్తగా, తల తిప్పకుండా వెళ్తారు. చేతకానివాడనే పేరు జోసెఫ్ అన్నకు నిలిచిపోయింది. వాళ్ల అత్తగారు ఇప్పటికీ ఇసుకకుప్ప మాట మరిచిపోలేదట.

ఈ ఉదయం బండి వెనక గలగలమంది. సైలెన్సరులో ఏదో ఊడినట్టుంది, ఆదివారం విప్పి చూస్తానన్నారు మావారు. గిన్నెను రాత్రికిరాత్రే ఎలా లాగాలా అని మధ్యాహ్నం దాకా ఆలోచించాను. పట్టకారు కూడా వెతికాను, సిగ్గులేకుండా. తర్వాత పట్టకారు ఉన్నచోటే పెట్టేసి, జోసెఫ్ అన్న ఇంటికి కబురు పంపాను, ఆదివారం తప్పకుండా రమ్మని.

వాళ్ల అత్తగారిని కూడా తీసుకురమ్మన్నాను.