వర్తూరు ఆటోలో తొందర

అన్నయ్యకు గుండె ఆపరేషన్ అని తెలిసి విజయనగరం నుంచి బెంగళూరు వచ్చాను. వర్తూరు దగ్గరి ఆసుపత్రికి ఆటో ఎక్కగానే కన్నీళ్లు ఆగలేదు. పెద్దవయసు డ్రైవరు అద్దంలో చూసి, “తొందర ఉండాదామ్మా?” అని తెలుగులోనే అడిగాడు.

“చాలా తొందర” అన్నాను.

ఆయన ఆటో పక్కకు ఆపి, నీళ్ల సీసా అందించాడు. త్వరగా వెళ్లాలంటే ఆపుతారేమిటని విసుక్కున్నాను.

“కన్నడంలో తొందరె అంటే ట్రబులమ్మా. అదే అడిగినా. ట్రబుల్ వంటికా, మనసుకా?”

పొద్దుటినుంచీ ఫోన్ చేసినవాళ్లంతా అన్నయ్య గురించే అడిగారు. నా సంగతి అడిగింది ఈయనొక్కడే.

“మనసుకే. భయంగా ఉంది” అన్నాను.

నేను నీళ్లు తాగేదాకా ఆగి, మళ్లీ బండి తీశాడు. ఆపరేషన్ గదికి తీసుకెళ్లేముందు అన్నయ్యతో ఏడవకుండా మాట్లాడగలిగాను.