చెంబుడు చెలమ నీళ్ళు

నిన్న మా వీధి ట్యాంకు కడిగినట్టున్నారు, కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సరోజినమ్మ గారు గుర్తొస్తారు. తొంభైల చివర్లో మా అక్కుపల్లికి నర్సుగా వచ్చేవారు. మొండి మనిషి. తలుపు తీసేదాకా గుమ్మం వదిలేవారు కాదు.

ఆ ఏడు వానలు తగ్గాక ఊళ్ళో కలరా పడింది. ఆవిడ నూతిలో బ్లీచింగ్ కలిపి, ఈ నీళ్ళు తప్ప వేరేవి తాగొద్దని ఇంటింటికీ చెప్పారు. మా అమ్మ ఆ మాట జవదాటలేదు. దాటింది నేను. అప్పుడు నాకు పదేళ్ళు. నాలుగేళ్ళ తమ్ముడు ఆ కంపు నీళ్ళు ఉమ్మేసి ఏడుస్తుంటే చూడలేక, సముద్రం ఒడ్డున పడవల వెనక ఇసుకలో తవ్వుకున్న చెలమ నుంచి చెంబుడు తియ్యటి నీళ్ళు తెచ్చి, అమ్మ చూడకుండా తాగించాను. ఒడ్డున ఉన్న మురికంతా వానకి ఆ గుంటలోకే దిగిందని నాకేం తెలుసు? రెండు రోజులకి వాడు తోటకూర కాడలా వాడిపోయాడు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టడానికి సరోజినమ్మ గారు వచ్చినప్పుడు, భయపడి చెలమ సంగతి ఆవిడ చెవిలో చెప్పేశాను. పలాస ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఆటోలోనే వాడు పోయాడు.

మర్నాడు అమ్మ ఆవిడ మీద విరుచుకుపడింది.

"నువ్వు సెప్పిన నీల్లే పట్టినాను కదమ్మా! మరి నా గుంటడెలా పోనాడు?"

సరోజినమ్మ గారు ఒక్కసారి నా వైపు చూశారు. "నూతిలో మందు తక్కువేసినాను. తప్పు నాదే" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ వస్తుంటే కొన్ని ఇళ్ళవాళ్ళు తలుపులు వేసేసుకునేవారు. అయినా ఆవిడ రావడం మానలేదు. నేను మాత్రం సిగ్గుతో ఎదురుపడేదాన్ని కాదు.

కొన్నేళ్ళకి, నేను టెక్కలిలో చదువుతున్నప్పుడు, బస్టాండులో కనిపించి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"కలరాకి తాగే టీకా ఉందటే. ఏదో బయట దేశంలో పిల్లలకిత్తన్నారంట. రొండుసార్లు తాగితే కొన్నేల్లు కాపాడతాదంట. పూర్తిగా కాదనుకో. కరీదూ తక్కువేనంట."

"మనూరికెప్పుడొత్తాది?"

"మీటింగుకెల్లినప్పుడల్లా అడుగుతన్నాను. నవ్వుతన్నారు." గొంతు తగ్గించి అన్నారు: "నీల్లకాడ పిల్లలు తప్పు సెయ్యకుండా ఉంటారేటే? ఆ ఒక్క తప్పుకి పేనం పోకుండా ఆ మందు అడ్డుంటాది. అప్పుడదుంటే, నువ్వు ఏ నీల్లు తెచ్చినా ఆడు బతికేవోడేమో."

బస్టాండులో అందరి ముందూ భోరున ఏడ్చాను. నన్ను ఓదార్చిన మాట అదొక్కటే. ఆవిడ రిటైరయ్యేదాకా ఆ టీకా మా తీరానికి రాలేదు. ఎవరినీ ఏమీ అనలేక, ఇప్పటికీ నాలో నేనే మండిపడుతుంటాను.

పోయినేడు ఆవిడ చనిపోయారని కబురొచ్చినప్పుడు అమ్మ నా పక్కనే ఉంది. "నా గుంటడ్ని తినేసింది. పోనీ" అంది. ఆవిడ మీద ఆ నింద అలాగే ఉండిపోయింది. దాన్ని దించగలిగింది నేనొక్కదాన్నే. ఇంకా దించలేదు.