తడి పెంకు

పొద్దున్నే భర్త చొక్కా జేబులోని సుద్దపొడి దులిపి, ఆ తర్వాతే దాన్ని నీళ్ళలో వేసేది ఆమె. పెంకుల కార్ఖానాలో అతనిది రకం కట్టే పని. కాలిన పెంకును చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో కొట్టి, మోతను బట్టి సుద్దతో ఒకటో రెండో మూడో గ్రేడు వేసేవాడు. ఇప్పుడు బకెట్లో కూతురి స్కూలు బట్టలొక్కటే నానుతున్నాయి. సుద్ద కలవని ఆ నీళ్ళను చూస్తే ఆమెకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఎక్కడికెళ్ళినా గ్రేడులే. కార్ఖానాలో ఒకటి మేలు, మూడు నాసి. ఆసుపత్రిలో డాక్టరు మూడో గ్రేడు గడ్డ అన్నప్పుడు, నాసిరకం జబ్బేలే, దానికేం సత్తువుంటుందని అతను నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. అక్కడ అంకె పెరిగేకొద్దీ గండమని విడమరచి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. వానలు వెనకబట్టకముందే మనిషి పోయాడు.

ఆ నెలలోనే కూతురికి పరీక్షలు. సి గ్రేడు వచ్చింది.

ఆ కబురు అందగానే బావగారు దిగబడ్డారు. ఆయన ఆ కార్ఖానాలోనే మేస్త్రీ. తమ్ముడు మంచాన ఉన్నన్నాళ్ళూ గుమ్మం తొక్కని మనిషి, పెత్తనానికి మాత్రం ముందున్నారు. సి గ్రేడు పిల్లకు చదువెందుకని, రేపట్నుంచి పెంకులు సర్దే పనికి పంపమని, మేనేజరుకు మాట కూడా ఇచ్చేశానని చెప్పుకుపోయారు. పనిలో పిల్ల తొడుక్కోవడానికని ఖాకీ కోటొకటి స్టూలు మీద పడేసి, ఉతికి ఆరేయమన్నారు. కూతురు గోడవార నిలబడి గోళ్ళు గిల్లుకుంటోంది.

“దాని బుర్ర కుక్క తోకమ్మా. ఎంత లాగినా అంతే.”

ఆమె ఆయన ఎదుట ఏనాడూ గొంతెత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

“వానలో తడిసిన పెంకుని మోగించి చూస్తారా బావగారూ?”

“ఎవడు చూస్తాడు? తడి పెంకు బొంగురుగా పలుకుతుంది. ఆరనిచ్చి చూస్తాం.”

“మరి తండ్రి పోయిన నెలలో రాసిన పరీక్షకి దీనికి రకం కట్టేస్తారేం? పెంకుకున్న పాటి గడువు పిల్లకి లేదా?”

ఆయన మేనేజరు ముందు తన పరువేం కావాలని గొణిగారు.

“పరువు మీది. పిల్ల నాది. అది బడికే పోతుంది.”

ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయారు. ఆమె స్కూలు బట్టలు చేతులు ఎర్రబారేలా పిండి, తీగ మీద ఆరేసింది. సబ్బు మిగిలింది, బకెట్లో నీళ్ళూ ఉన్నాయి. స్టూలు మీది ఖాకీ కోటును మాత్రం ముట్టుకోలేదు.