పసుపు రంగు వరస

మొదటి బస్సుని తీసేయలేదు కదా, హాయిగా ఎక్కి కూర్చోక ఇంకా దాని మీద మాటలెందుకు? "ఆ ఇంటి కోడలు కంప్యూటర్లో రంగులు మార్చేసి బస్సు నిలబెట్టుకుంది" అని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే గుసగుస. మొదలుపెట్టింది కుట్టుమిషనావిడ. ఆవిడ పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు, మైకు అంటేనే తెలుస్తుంది. మైకు చెప్పింది సగం నిజం, అదే చిక్కు. పూర్తి అబద్ధమైతే దులిపేసుకోవచ్చు, సగం నిజం జిగురులా అంటుకుంటుంది. రంగు మార్చడం మాట అటుంచండి, జారిపోబోయిన రంగుని పట్టుకుని నిలబెట్టింది ఆ పిల్ల.

ఆమె బస్సుల ఆఫీసులో పనిచేస్తుంది. ఏ బస్సులో ఏ స్టాపు దగ్గర ఎంతమంది ఎక్కారో లెక్కించేవాళ్ళు పంపితే, ఆ అంకెల్ని గడుల్లోకి ఎక్కించడం, పెద్దవాళ్ళ మీటింగులకి వాటిని స్లైడ్లుగా మార్చడం ఆమె పని. కొత్తలో అత్తగారికి ఆ ఉద్యోగం మీద పెద్ద గురి లేదు. "నెలజీతం తీసుకుని గడులకి రంగులు పూయడమేమిటో, చిన్నపిల్లల ఆటలా" అనేది. కోడలు నవ్వి ఊరుకునేది.

అత్తగారి చెల్లెలు కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. కిడ్నీలు పాడై, వారంలో మూడుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్‌కి వెళ్ళాలి. ఆవిడ బెడ్డు తెల్లవారీ తెల్లవారకముందే సిద్ధం. ఆలస్యమైతే ఆ పూటకి అది వేరేవాళ్ళది. ఆ వేళకి అందుకునేది మొదటి బస్సొక్కటే. అలాంటిది, జనం తక్కువెక్కే బస్సుల్ని తీసేస్తారనీ, దానికి హాల్లో మీటింగు పెడతారనీ, ఎవరైనా వచ్చి వినొచ్చనీ తెలిసిన రోజు నుంచి అత్తగారికి ముద్ద దిగలేదు. చెల్లెలు మాత్రం "పోతే పోయింది, పాక్కుంటూ వెళ్తాలే" అని హాస్యమాడేది. ఆ హాస్యానికి ఎవరూ నవ్వలేదు.

సెలవు రోజు మధ్యాహ్నం కోడలు లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకుంది. అత్తగారు కూరలు తరిగే వంకతో పక్కనే చేరింది.

"మన బస్సు ఉందా అమ్మాయ్ అందులో?"

"మొదటి వరసే మనది అత్తయ్యా."

"మరి దానికొక్కదానికే పసుపెందుకు పూశావు? మనదనా?"

"నేను పూయలేదు. ఆ వారం మన రోడ్డంతా తవ్వేశారు గుర్తుందా? బస్సు వెనక వీధి నుంచి తిరిగి వెళ్ళింది, మన స్టాపుల్లో ఆగనే లేదు. అందుకే అంకె అంత తక్కువ. ఈ అంకెని నమ్మొద్దని లెక్కించినాయన పసుపు పెట్టాడు."

అంటూ పట్టికని కాపీ చేసి స్లైడు మీద అతికించింది. అంతే! పట్టిక నిలువునా నీలం అయిపోయింది. గీతలు మారిపోయాయి, అక్షరాలు మారిపోయాయి, మొదటి బస్సు వరస మిగతా వరసల్లో కలిసిపోయింది. పక్కన ఆ బక్కచిక్కిన అంకె ఒక్కటే దిక్కులేనిదానిలా నిలబడింది.

"పసుపేదే!" అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది.

"స్లైడుకి తన రంగులు తనకుంటాయి అత్తయ్యా. మనం చెప్పకపోతే, వచ్చినవాళ్ళకల్లా తన బట్టలే తొడిగేస్తుంది."

"అచ్చం మా అక్కలాగే" అంది సోఫాలోంచి చెల్లెలు. "ఇంట్లో అడుగుపెట్టిన వారానికే ఈ పిల్ల జడ కూడా తనకి నచ్చినట్టు వేయించింది."

"నువ్వు నోరు మూసుకుని పడుకో" అంది అత్తగారు, నవ్వు దాచుకుంటూ.

కోడలు దాన్ని చెరిపేసి ఈసారి ఫొటోలా అతికించింది. రంగు, గీత, అన్నీ ఎక్కడివక్కడే. అత్తగారు ఊపిరి పీల్చుకునేలోపే డిపో నుంచి ఫోను, వేరే బస్సుకి ఒక అంకె తప్పు పడిందట. "ఫొటోలో మనిషికి జడ వేయలేం కదా" అని కోడలు దాన్నీ తీసేసింది. అసలు పట్టికలో అంకె దిద్ది, మళ్ళీ అతికించి, మూలనున్న చిన్న పెట్టె నొక్కింది. అందులో ఉన్న బొమ్మల్లో ఒకదానికి 'అసలు దాంట్లో ఉన్నట్టే ఉంచు' అని అర్థమట. నీలం తెర తొలగినట్టయింది. పసుపు తిరిగొచ్చింది! అయితే పట్టిక ఉబ్బి స్లైడు అంచు దాటి వేలాడింది. నిలువు వరసల్ని ఒక్కొక్కటే లోపలికి లాగి, అక్షరాలు తగ్గించి, ఆ పైన ఒక వేలు అసలు పట్టిక మీద, ఒక వేలు స్లైడు మీద పెట్టి గడి గడీ పోల్చుకుంటూ కూర్చుంది.

ఆ వేళ్ళు అలా కదలడం అత్తగారు అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"ఎవరు నేర్పారే నీకిది?"

"నాన్న. దుకాణాలకి బోర్డులు రాసేవాడుగా. చిన్న కాగితం మీద బొమ్మకి గళ్ళు గీసి, గోడ మీద అవే గళ్ళు పెద్దవిగా గీసేవాడు. కాగితం గడిలో ఉన్నదే గోడ గడిలోకి వెళ్ళాలి, నీకు నచ్చింది కాదు అనేవాడు. ఒకసారి పిల్లి మీసం నేను ఇంకాస్త అందంగా గీస్తే చెరిపించాడు."

అంత జాగ్రత్త మనిషికీ ఒకటి తప్పిపోయింది. పసుపంటే ఏమిటో చెప్పే చిన్న వాక్యం పట్టిక కింద, కాస్త ఎడంగా వేరే గడిలో ఉంది. కాపీ చేసేటప్పుడు పట్టిక వరకే పట్టుకుంది, వాక్యం అక్కడే ఉండిపోయింది. తనకి అర్థం తెలుసు కనుక లేని లోటు తెలియలేదు.

మీటింగు రోజు హాలు కిటకిటలాడింది. దీపాలు తగ్గించి, గోడంత పట్టిక వెలిగించారు. అత్తగారు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. ఊళ్ళో పొద్దున్నే ఇల్లు కదిలే ప్రతి మనిషీ ఆ గడుల్లో ఎక్కడో ఒకచోట ఉన్నాడు. రొట్టెల బట్టీకి పోయేవాళ్ళు, ఆసుపత్రులు ఊడ్చేవాళ్ళు, నిద్రమొహంతో పరీక్షకి వెళ్ళే పిల్లలు. అంత లోకాన్ని ఈ పిల్ల ఒక్క గింజ ఒలకకుండా ఇక్కడికి మోసుకొచ్చిందా! తను కూరలు తరిగిన బల్ల మీద నుంచే కదా!

"వాళ్ళ బస్సుకి మాత్రం ఆ సింగారమేంటండీ?" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

కోడలు లేచి స్లైడు అడుగున వెతికింది. వాక్యం లేదు. "ఆ రంగు దేనికో చెప్పే వాక్యం ఒకటుండాలి. తేవడం మర్చిపోయాను, తప్పు నాదే" అని, రోడ్డు తవ్వకం సంగతి నోటితో చెప్పింది.

"నోటి మాటెవరైనా చెప్తారు! ఆవిడదీ ఆ వీధేగా!"

హాలంతా గోల. సరిగ్గా అప్పుడే మైకు, జాకెట్లు తీసుకెళ్ళడానికి ఎవరో వస్తారని లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తన సగం కథ వెంట తీసుకెళ్ళింది.

మిగతా సగం ఇదీ. ముందు వరసలో కూర్చున్న పెద్దాఫీసరు గొంతు పెంచలేదు. "అసలు షీటు తెరువమ్మా, పక్కపక్కన పెట్టు" అన్నాడు. గోడ మీద రెండు పట్టికలు నిలిచాయి. జనం చూపులు ఇటూ అటూ తిరిగాయి. అదే పసుపు, అదే వరస, అవే అంకెలు, అవే గీతలు. ఒక తల్లికి పుట్టిన కవలల్లా ఉన్నాయి. అసలు దాని కింద లెక్కించినాయన రాసిన వాక్యమూ ఉంది. గోల తనంతట తనే అణిగిపోయింది. కేకేసినాయన కూడా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ వరస మళ్ళీ లెక్కించాకే మాట" అన్నాడు ఆఫీసరు. మళ్ళీ లెక్కించారు. రోడ్డు బాగుపడ్డాక బస్సులో నిలబడడానికి చోటుంటే కదా! మొదటి బస్సు ఉండిపోయింది.

అత్తగారి మనసులో మాత్రం ఒకటి మెదులుతూనే ఉంది. ఆ కబురొచ్చిన సాయంత్రం, చెల్లెలు మందులేసుకుని పడుకున్నాక, కోడలి పక్కన కూర్చుని సూటిగా అడిగేసింది.

"నిజం చెప్పవే. ఆ పసుపు మనకి కలిసొచ్చింది కనక సరిపోయింది. అదే రంగు మన బస్సుని ముంచేదైతే? నీలంలో కలిసిపోనిస్తే ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడేం చేసేదానివి?"

కోడలు ఎక్కువ ఆలోచించలేదు.

"ఉన్నది ఉన్నట్టే పెట్టేదాన్ని అత్తయ్యా. పెట్టేసి, మర్నాటి నుంచి పెందలాడే లేచి చిన్నత్తయ్యని నా బండి మీద దింపొచ్చేదాన్ని."