కాచు సిరాతో పెళ్ళిచూపులకు

నేను పెంచి చెప్పే మనిషినని ముందే ఒప్పేసుకుంటున్నాను. మా ఇంట్లో నేనేదైనా చెబితే దాన్ని సగానికి కోసి, ఆ సగంలోనూ తాలు చెరిగి, మిగిలిందే నమ్ముతారు. వీధిలో కుక్కల గుంపు మొరిగిందని నేనంటే, ఎక్కడో ఒక కుక్క ఉందన్నంతవరకే లెక్కలోకి తీసుకుంటారు. మీరూ అలాగే చదువుకోండి, నాకేం కోపం లేదు. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో పెంచినవి చాలా ఉన్నాయి. కల్పించింది ఒక్కటే.

యుద్ధం రోజులు. చిత్తూరులో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. పొద్దస్తమానం నల్ల సిరాతో దావాలూ నకళ్ళూ రాయడమే పని. నా దస్తూరి ఎలాంటిదంటే, నేను రాసింది మా వకీలుగారికి ఒక్కరికే అర్థమయ్యేది. అదైనా ఆయనే చెప్పి రాయించారు కాబట్టి. ఒకసారి నా నకలు చూసి జడ్జిగారు కేసు వాయిదా వేసి, కళ్ళజోడు మార్పించుకోవడానికి మద్రాసు రైలెక్కారు.

అలాంటివాడికి తిరుపతి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి బడిపంతులు. మధ్యవర్తి తెచ్చిన పోస్టుకార్డు తండ్రి చెబుతుంటే కూతురు రాసిందట. బస్సు వేళలూ, ఇంటి గుర్తులూ తప్ప అందులో ఇంకేమీ లేవు. కానీ ఆ అక్షరాలు! మల్లెమొగ్గలు ఒక్కొక్కటే ఏరి దారానికి కట్టినట్టున్నాయి. ఆ కార్డు చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. చేసుకుంటే ఈ 'క'కు గుడీ, సున్నా రాసిన చేతినే చేసుకోవాలి, లేదంటే కాషాయం కట్టి కొండెక్కాలి అని నిశ్చయించుకున్నాను.

మధ్యవర్తి మా ఊళ్ళో, నాయన ముందే రెండు షరతులు చెప్పాడు.

"పిల్ల ఒగటే కోరిందప్పా. అబ్బాయి చేత ఎదురుగా నాలుగు ముక్కలు రాయించి సూడాలంట. ఇంగొగటి వాళ్ళవ్వది. ఆకు వక్క నమిలేవాడు ఆ గడప తొక్కేదానికి లేదు. ఆమె మొగుడు బతికినన్నాళ్ళూ ఆ ఇంటి గోడలకి సున్నం కొట్టేది ఒకరు, ఎర్ర రంగు కొట్టేది ఆయన."

మా నాయన రొమ్ము విరుచుకుని, "నా కొడుకా? ఆకు మాట దేవుడెరుగు, సోంపు గూడా నమలడు," అన్నాడు. అది నిజం.

ఇక మిగిలింది దస్తూరి. అది పెళ్ళిచూపులకున్న వారంలో బాగుపడేది కాదు. కానీ సిరా రంగు మారిస్తే? చూసేవాళ్ళ కన్ను రంగు మీదే ఆగిపోతుంది, అక్షరం దాకా పోదు. నీలం అందరిదీ. ఎరుపు పంతుళ్ళది, తప్పులు గుర్తుకొస్తాయి. ఆకుపచ్చ ఆఫీసర్లది. ఇక మా ఆఫీసులో ఒక పాత కట్టలో ఎప్పటిదో ఒక దొర సంతకం ఉండేది, గోధుమ రంగులో. దాన్ని దొంగచాటుగా ఎన్నిసార్లు చూసుకున్నానో! ఆ సిరా కావాలి నాకు. అంగట్లో అడిగితే, "సీమ సరుకు యాడొస్తాదప్పా యుద్ధంలో? నల్ల బిళ్ళలు, నీలం బిళ్ళలు ఉండాయి. నీళ్ళలో కలుపుకో, పో," అన్నాడు.

సరే, నేనే కాచాను. కాచు తెలుసు కదా, తాంబూలంలో నోరు పండడానికి వేసుకునే గోధుమ రంగు గడ్డ. దాన్ని నలగ్గొట్టి వేడినీళ్ళలో మరిగించాను. పాత పంచెతో వడగట్టి, చిక్కదనానికి తుమ్మబంక, బూజు పట్టకుండా లవంగాలు వేశాను. ప్రయాణానికి ముందురోజు ఊరి నుంచి దిగిన మా నాయన గిన్నెలోకి తొంగి చూశాడు.

"కషాయమారా? నాక్కూడా రోంత పొయ్యి, కడుపుబ్బరంగా ఉండాది."

"కషాయం గాదు నాయనా, ఇంకు."

"ఇంకుకి లవంగాలెందుకురా? యాలక్కాయ గూడా ఎయ్యి, విందుకు పనికొస్తాది!"

నేను వినే స్థితిలో లేను. పెన్ను విప్పి, గొట్టంతో పీల్చి నింపి, పాత దావా కాగితం వెనక మొదటి గీత గీశాను.

అబ్బ! చిత్తూరు బెల్లం తెలిసినవాళ్ళకే చెప్పగలను ఆ రంగు. తడిగా ఉన్నప్పుడు పెనంలో ఉడుకుతున్న పాకం. ఆరుతుంటే అచ్చులో పోసిన బెల్లం. పాళీ పరుగెత్తినచోట లేతగా, ఆగినచోట ముదురుగా, ఒకే అక్షరంలో రెండు మూడు రకాల బెల్లం! నా వంకర 'త' కూడా కావాలని వంచినట్టు ఠీవిగా కనబడింది. గట్టిగా కేక పెట్టాను. పక్కింటివాళ్ళు యుద్ధం ఆగిపోయిందనుకుని వీధిలోకొచ్చారు. మా నాయన పేరు రాశాను, తాత పేరు రాశాను, చిత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సు ఆగే ఊళ్ళన్నీ రాశాను. కాగితం అయిపోతే గోడ మీద రాయబోయాను, మా నాయన చెయ్యి పట్టుకున్నాడు.

ఒకటే లోపం. బంక వల్ల కాసేపు ఆగితే పాళీ పట్టేసేది. దానికి మందు గుమాస్తాలందరికీ తెలిసిందే. పాళీ కొన నాలుక మీద పెట్టి తడిపితే మళ్ళీ నడుస్తుంది.

మర్నాడు బస్సు. పెట్రోలు కరువు కదా, బొగ్గు బస్సు. వెనక ఒక పెద్ద పీపాలో బొగ్గు మండుతుంటే, ఆ పొగతో నడిచేది. ఎత్తు వస్తే జనం దిగి తోసేవారు. చంద్రగిరి దాకా బస్సు మమ్మల్ని మోసిందా, మేము బస్సును మోశామా అన్నది ఇప్పటికీ తేలలేదు. నాకు పీపా పక్క సీటు దొరికింది, నాయన ముందు కూర్చున్నాడు. పెన్ను ఆరిపోతుందేమోనన్న భయంతో నేను దారి పొడుగునా పాళీ తడుపుతూనే ఉన్నాను. వేడికి పెన్ను కూడా ఉక్కిరిబిక్కిరై, తెల్ల చొక్కా జేబులో భళుక్కున కక్కింది. అప్పడమంత మరక. పై పంచె కప్పుకున్నాను. నోటి సంగతి మాత్రం నాకు తట్టలేదు. మన నోరు మనకు కనబడదు కదా.

పంతులుగారింట్లో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా వాకిలి పక్క పీట మీద అవ్వ. లోపలి తలుపు సందున రెండు కళ్ళు. ఎంత పెద్ద కళ్ళనుకున్నారు! ఆ తలుపు అంతా కళ్ళే. అవి రెప్ప వాల్చకుండా నా రూపాన్ని తాగేస్తున్నాయి. ఆ సంతోషంలో నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను.

అవ్వ ముందుకు వంగింది.

"నాయనా, ఇంగొకసారి నోరు తెరువు."

మా నాయనకు పౌరుషం వచ్చింది. "ఏందమ్మా, పళ్ళు సూసేదానికి ఇదేమన్నా ఎద్దుల సంతా?"

"ఎద్దయితే ఆకు నమలదు గదప్పా! నీ కొడుకు నోరు సూడు, సొక్కా సూడు. రొమ్ము మీదనే ఉమ్ముకున్నాడే!"

పై పంచె ఎప్పుడు జారిందో నాకు తెలియదు. మా నాయన అప్పుడే మొదటిసారి నా నోట్లోకి చూశాడు. ఆయన మొహం మీద దీపం ఆరిపోయింది.

"అది ఇంకు అవ్వా," అన్నాను.

"ఇంకు నల్లగా ఉంటాది, లేదా నీలంగా ఉంటాది. నీ ఇంకు కాచు వాసన కొడతాండాదే?"

"కాచుతోనే చేసినా అవ్వా."

"లవంగం వాసన?"

"బూజు పట్టకుండా ఏసినా."

"ఇంగ వక్క ఒగటే తక్కువ!"

ఆ మాట ఏడుకొండల మీదా ఏడుసార్లు మోగింది. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేవబోయాడు. నా కళ్ళముందు మల్లెమొగ్గల దండ పుటుక్కున తెగుతోంది.

పంతులుగారు మెత్తటి మనిషి. "రాసి చూపించు బాబూ, తేలిపోతుంది," అని కాగితం ముందు పెట్టారు. నేను ఆత్రంగా పాళీ ఆనించాను. గీత పడలేదు. మళ్ళీ గీశాను, కాగితం చిరిగింది తప్ప చుక్క రాలేదు. అలవాటు కొద్దీ ఆలోచించకుండా పాళీ నోట్లో పెట్టుకున్నాను. అవ్వ చెవులు మూసుకుంది, మూసుకోవాల్సింది కళ్ళే అయినా.

అప్పుడు తలుపు తెరుచుకుంది. పిల్ల బయటికొచ్చి, నా వంక చూడకుండా తండ్రితో, "నాయనా, ఆ పెన్ను రోంత నాకియ్యమను," అంది.

ఇచ్చాను. వెలుతురుకి పట్టి చూసింది. "బంక జాస్తి అయిండాది," అని మాకోసం తెచ్చిన కాఫీ పక్కనున్న వేడినీళ్ళ లోటాలో పాళీ ముంచి, కొత్త చీర కొంగుతోనే తుడిచి, విదిలించి, నాలుక చివర పెట్టుకుని తడిపి, కాగితం మీద 'శ్రీ' అని రాసింది.

బెల్లప్పాకం రంగులో మల్లెమొగ్గ విచ్చుకుంది. నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. కానీ ఇంట్లో ఎవరూ కాగితం చూడడం లేదు. అందరూ పిల్ల నోరే చూస్తున్నారు.

"ఓసి నీ పాసుగాల! ఆ పిల్లోని ఎంగిలి గదే అది!" అంది అవ్వ.

"ఇంకే అవ్వా, సూడు, నా నాలిక గూడా ఆ రంగే. వట్టి వగరు. ఆకు నమిలితే ఇంత వగరుండదు."

"ఆకు రుచి నీకెట్ల తెలుసే?"

పిల్ల నాలుక కరుచుకుంది. పంతులుగారు దగ్గు తెచ్చుకున్నారు. అవ్వ మనవరాలి నోటినీ, నా నోటినీ మార్చి మార్చి చూసింది. రెండూ ఒకే రంగు. ఆమె పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, చివరికి బోసినోటితో పగలబడి నవ్వింది.

"లెయ్యబాకప్పా, కూసో," అంది మా నాయనతో. "పెళ్ళిలో కలవాల్సిన ఎంగిలి ఇప్పుడే కలిసిపాయె. ఇంగ వీళ్ళకి చూపులేంది! ముహూర్తం సూడండి."

ఆ సందడిలో నా దస్తూరి పరీక్ష ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి పెళ్ళయి నెల దాటింది. పెన్ను మాత్రం ఆ రోజు నుంచి తిరిగి నా చేతికి రాలేదు.

ఇది రాసి మొన్న మా ఆవిడకు వినిపించాను. బస్సును మేము మోశామన్నా, జడ్జిగారిని మద్రాసు పంపినా ఏమీ అనలేదు. తలుపు సందు కళ్ళ దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ రూపాన్ని నేనెప్పుడు తాగినా? జేబు మీద మరక సూసి, ఆ రంగు పెన్ను యాడ దొరికిందబ్బా అనుకుంటా ఉండినా."

ఆవిడ మాటే నిజం. నేను కల్పించింది అదొక్కటే. కళ్ళు ఉన్నాయి, తలుపంతా ఉన్నాయి. చూసింది నన్ను కాదు.