ధింసా అచ్చు

బుద్రికి ఆ రబ్బరు అచ్చు ముట్టుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. చచ్చిన చేప పొట్టలా చల్లగా, మెత్తగా ఉంటుంది. పొద్దున్న అరకు రిసార్టులో గదులు కడిగి, సాయంత్రం ఇంట్లో కానుగ నూనె, కాఫీ పొడి కలిపి సబ్బులు చేసి ఆ రిసార్టుకే ఇస్తుంది. ఇన్నాళ్లూ అరిటాకు చుట్టిన వెదురు బొంగులో పోసేది. గట్టిపడ్డాక రోకలితో తోసి, బిళ్లలుగా కోసి, బొంగు కడిగి మళ్లీ వాడేది. మేనేజరు జగదీష్‌కి బిళ్లలు నచ్చలేదు. ధింసా నాట్యమాడే ఆడదాని బొమ్మలున్న అచ్చు తెచ్చిచ్చాడు. ఎత్తు రొమ్ములు, పిడికెడు నడుం. ఒక్కో గుంతలో ఒక్కతే. పక్కదాని నడుం పట్టుకోవలసిన చేతులు ఊరికే చాచుకుని ఉన్నాయి.

"ధింసా ఒక్కర్తీ ఏటి ఆడతాది బాబూ?"

"గదుల్లో దిగేవోళ్లకి తెలుస్తాదేటి? బేగి పోసి తే."

పోసి తెచ్చింది. వారం తిరక్కుండానే ఒక గది స్నానాలదొడ్లో, నీళ్లు పోయే కన్నం దగ్గర బొమ్మ కనబడింది. మొహం అరిగిపోయింది. రొమ్ముల మీద బొటనవేలి నొక్కు. నడుం చుట్టూ ఎవడివో వెంట్రుకలు. చీపురుతో తోసెయ్యడానికి బుద్రికి చెయ్యి రాలేదు. వెంట్రుకలు ఒక్కొక్కటే లాగి, పసిగుంటకి పోసినట్టు నీళ్లు పోసి కడిగింది. మిగతా గదుల్లోవి కూడా ఏరి కొంగున మూటగట్టుకుంది.

మర్నాడు మేనేజరు బల్ల మీద మళ్లీ గుండ్రటి బిళ్లలే పెట్టింది.

"బొమ్మలేవే?" అన్నాడు జగదీష్.

"ఆల్లు ఇంటికెల్లిపోనారు బాబూ."