బావ గొంతు, నా రెండు వేళ్లు

పోయిన మనిషి గొంతును రెండు వేళ్లతో వెనక్కి తెచ్చినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే సూరారంలో మా గల్లీకి రండి. సాయంత్రం పూట గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో, బనీను మీద, పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుని ఉంటాను. పెద్ద దవాఖాన డాక్టర్లు ఇక రాదన్న గొంతు, మేడ్చల్‌లో ఫోన్లు బాగుచేసే అతను ఇక దక్కదన్న గొంతు, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి లేచి శామీర్‌పేట చెరువంతా మోగింది.

ఇట్లా మొదలుపెడితే వినేవాళ్లు తమ కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. అందుకే ఇట్లా మొదలుపెడతాను. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త వెనకాడుతుంది, ఎందుకంటే ఇది మా అక్కకు కూడా చదివి వినిపించాలి. కాబట్టి సాగదీసిన చోటల్లా నేనే ఒప్పుకుంటూ పోతాను. మొదటిది ఇప్పుడే ఒప్పుకుంటున్నాను: మనిషి పోలేదు. మా బావ దిట్టంగా ఉన్నాడు, నాకంటే ఒక ముద్ద ఎక్కువే తింటాడు. పోయింది గొంతు ఒక్కటే.

అక్కా బావా ఉండేది శామీర్‌పేట చెరువు దగ్గర. బావ వాళ్లు తరతరాలుగా చేపలు పట్టేవాళ్లు. చెరువులో పెద్ద వల వేసి లాగేటప్పుడు రెండు కొనల దగ్గరా మనుషులు బారుగా నిలబడతారు. ఒక వైపువాళ్లు తొందరపడితే వల వంకర పోతుంది, కింది అంచు పైకి లేస్తుంది, చేప ఆ సందులోంచి జారుకుంటుంది. అందరి చేతులూ ఒకే ఊపున కదలాలంటే కట్ట మీద నిలబడి ఒక మనిషి కేకెయ్యాలి. ఆ మనిషి మా బావ. "హో...య్" అని సాగదీసి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, "లాగ్!" అని కొట్టేవాడు. ఆ మాట చెవికి కాదు, నడుముకు తగిలేది. ఆ కేక మేడ్చల్ దాకా వినపడేదని నేను చాలామందికి చెప్పాను. నిజానికి కట్ట చివరి చాయ్ బండి దాకా వినపడేది. అదేం తక్కువ దూరం కాదు.

బీడీలు తాగీ తాగీ గొంతులో గడ్డ లేచింది. గొంతుపెట్టె తీసేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నారు డాక్టర్లు. టైపు చేస్తే పైకి చదివి వినిపించే ట్యాబ్ ఒకటి ఉంటుందని తెలిసి, అక్క ముందే కొనిపెట్టింది. ఆపరేషన్‌కు వెళ్లేముందు ముగ్గురం చెరువు కట్టెక్కాం. బావ నీళ్లవైపు తిరిగి, వలా లేదు మనుషులూ లేరు, ఉత్త చెరువుకే కేకేశాడు. నేను ట్యాబ్ పట్టుకుని రికార్డు చేశాను. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క రికార్డులోనే. ఇంకో ఫోన్‌లోకి ఎక్కించి పెట్టాలన్న ఆలోచన మా ఎవరికీ రాలేదు.

ఆపరేషన్ తర్వాత బావ మెడకు చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి పలుచని రుమాలు. ఊపిరి అక్కణ్ణించే. మాట మాత్రం ట్యాబ్‌లోంచి. అందులో మాట్లాడేది ఒక ఆడమనిషి, రేడియోలో వార్తలు చదివినట్టు, ఎక్కడా గొంతు పెంచదు. బావ కోపంతో పళ్లు కొరుకుతూ "బువ్వ వెడ్తవా, గిట్లనే పండుమంటవా" అని టైపు కొట్టినా, ఆవిడ చల్లగా చదువుతుంది.

"గీమె ఎవ్వలో మంచిగ అడుగుతాంది. పెడ్తున్న తియ్," అనేది అక్క.

మాట ఏదో ఒక విధంగా నడిచింది కానీ, బావ చెరువు దిక్కు పోవడం మానేశాడు. ఇంట్లో వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. అట్లాంటి రోజుల్లో వల లాగే మనుషులు ఇంటికొచ్చారు.

"మామా, నువ్వు రావాలె," అన్నాడు వాళ్లలో ఒకడు. "నువ్వు లేంది రెండు కొనలు కలుస్తలేవు. మొన్న సగం చాప పోయింది."

బావ టైపు చేశాడు. "ఆడమనిషి గొంతుకు వల లాగుతరారా?" అని ఆవిడ మర్యాదగా అడిగింది. అందరూ నవ్వారు.

"గామెతోని కాదు. నీ అసలు కేక అండ్ల ఉన్నదటగద మామా. గది పెట్టు, మేం లాగుతం."

బావ ఒక్క మాట టైపు కొట్టాడట. "వస్త."

రేపు తెల్లారి వల అనగా, ముందురోజు పొద్దున బావ ట్యాబ్‌ను ఆపేసి ఒళ్లో పెట్టుకుని, నైలాన్ దారంతో దాని చుట్టూ ఒక చిన్న వల అల్లాడు. కట్ట మీద మెడకు వేలాడాలి, నీళ్లలో పడకూడదు, చేతులు ఖాళీగా ఉండాలి. తెర కనపడేటంత వెడల్పు వల కళ్లు, చార్జింగు పెట్టేచోట ఒక సందు, మూలలకు బిగుతైన ముడులు. అల్లడం అయ్యాక బటన్ నొక్కాడు. కంపెనీ గుర్తు వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

అక్క నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వు ఫ్యాక్టరీల కరెంటు పని జేసినవ్ గద. జల్దీ రా. మీ బావ పరేషాన్ అయితాండు."

ఫ్యాక్టరీలో నేను చేసింది కరెంటు పని అని అక్కకు చెప్పింది నేనే. కుత్బుల్లాపూర్‌లో కంపెనీ గేటు లోపల, స్టోర్‌రూమ్ కిటికీ వెనక కూర్చుని, అడిగినవాళ్లకు ఫ్యూజులూ బల్బులూ అందించాను. అదీ కరెంటుకు దగ్గరి పనే కదా.

వెళ్లగానే "చిన్న పని" అన్నాను. బటన్ నొక్కి పట్టుకున్నాను. గుర్తు వచ్చి పోయింది. చార్జింగు పెట్టి చూశాను. గుర్తు వచ్చి పోయింది. వెనక అరచేత్తో రెండు తట్టాను. నిద్రలో లేచి కూర్చుని, ఎందుకు లేచానో మరచిపోయి మళ్లీ పడుకునే ముసలివాడిలా ఉంది దాని వాలకం. నాకు బాగా తెలిసిన రోగమే కానీ మందు తెలియదు. చివరికి ఎండలో పెట్టాను.

"ఏందిరా, వడియమా అది?" అన్నది అక్క.

బావ టపటపా చప్పట్లు కొట్టాడు. ఆయన దగ్గర మిగిలిన కేక అదే. ఎండలోంచి ట్యాబ్ తీసి, రొమ్ముకు ఆనించుకుని, నావైపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా నన్ను తిట్టిన మనిషి ఆయన. ఆ చూపులో తిట్టు లేదు, అడగడం ఉంది.

ముగ్గురం ఆటో ఎక్కి మేడ్చల్ వెళ్లాం. ఫోన్లు బాగుచేసే అతను నెమ్మదైనవాడు. వైరు పెట్టి, వల సందుల్లోంచి బటన్ నొక్కి, అద్దం పెట్టుకుని చూశాడు.

"స్టార్టింగ్‌లనే తిరుగుతాంది పెద్దాయినా. సాఫ్ట్‌వేర్ మల్ల ఎక్కియ్యాలె. లోపలున్నయన్నీ పోతయ్."

"ఒక గొంతున్నది లోపల," అన్నది అక్క. "అదొక్కటి తీసి మిగిలినయి పారెయ్."

"ముందుగాల అది ఆన్ అయితేనే తీస్తనమ్మా."

"ఆ గొంతు అండ్ల యాడ ఉంటది?" అని అడిగాను నేను. తెలివితో అడగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

అతను చిటికెనవేలి గోరు చూపించాడు. "గింతంత చిప్పు. అండ్లనే."

ఆ గోరువైపు చూశాను. మనుషుల నడుములు వంచిన కేక, కొంగలను నీళ్ల మీంచి లేపిన కేక, అంత చిన్నచోట, చీకట్లో, చప్పుడు లేకుండా పడుకుని ఉంది. నిద్రపోతోందో, పోయిందో, తలుపు తెరిస్తే గానీ తెలియదు. తలుపేమో తెరుచుకోవడం లేదు. ఇన్నేళ్లలో నేను చాలా గొప్పలు చెప్పాను కానీ, ఇంత నమ్మశక్యం కాని మాట ఒక్కటీ చెప్పలేదు.

"గీ వల జాలి కోస్తే ఇంకింత మంచిగ జూస్త," అని అతను కత్తెర తీశాడు. బావ ట్యాబ్ లాక్కున్నాడు. వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది: వల నీళ్లలో పడకముందు దాని ముడికి కత్తి తగలకూడదు. కోస్తే ఆ రోజు చేప రాదంటారు.

ఇక్కడ నేను షాపతనితో "ఆ కేసు నాకు వదిలెయ్" అన్నానని మా గల్లీలో చెబుతుంటాను. అనలేదు. "మళ్ల వస్తం" అని నసిగాను.

బయట మిర్చి బండి ముందు బల్ల మీద కూర్చున్నాం. రేపటి వలకు కబురు పంపాలి, రానని. ఎట్లా పంపడం? బావకు మాట లేదు, అక్కకు నోరు రావడం లేదు. నేను వేడి మిర్చి రెండు తిన్నాను, దిగులుగా. అక్క ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకుంది. ఆమె వేళ్లకు వల దొరికితే ఊరుకోవు. పెళ్లయినప్పటినుంచి చినుగులు వెతికిన వేళ్లు. ఒక్కో కన్నూ తడుముతూ అంచు వెంట పోయి, ఒక మూల ఆగాయి.

"గీ ముడి కింద ఏందో గట్టిగ తల్గుతాంది," అన్నది.

పక్క అంచున శబ్దం పెంచే, తగ్గించే బటన్ ఉంటుంది కదా. బావ కట్టిన ముడి సరిగ్గా దాని మీద కూర్చుంది. ఎంత బిగుతుగా అంటే, బటన్ లోపలికి నొక్కుకుపోయి, తిరిగి పైకి రాలేకపోతోంది. లేవబోయే మనిషి భుజం మీద ఎవరో చెయ్యి వేసి అదిమి కూర్చోబెడుతున్నట్టు. అప్పుడు నా బొటనవేలితో, చూపుడువేలితో ఆ ముడిని పట్టి, కోయకుండా, మెల్లగా సడలించాను. చిన్న 'టిక్' చప్పుడు. బటన్ పైకి లేచింది.

దాని పక్కనున్న ఇంకో బటన్‌ను బావ నొక్కి పట్టుకున్నాడు. గుర్తు వచ్చింది. ముగ్గురం తలలు ఆనించి చూస్తున్నాం. అది పోలేదు. నిలబడింది. దాని కింద చిన్న చుక్కలు ఒకదాని వెంట ఒకటి తిరిగాయి. తెర తెల్లబడింది, తెల్లారినట్టే. మనవళ్లు పుట్టినప్పుడు కూడా నేను అంత ఊపిరి బిగబట్టి చూడలేదు. మిర్చి బండి ఆవిడ నూనెలోంచి గరిటె తీసి, "ఏమైందన్నా?" అన్నది.

బావ టైపు చేశాడు. ఆడమనిషి మేడ్చల్ రోడ్డు మీద బస్సుల హారన్ల మధ్య, ఏమీ జరగనట్టు చదివింది. "నేను ఉన్న."

తెల్లారి చెరువు మీద మంచు. కూరగాయల బండివాడి మైకు అడిగి తెచ్చుకున్నాం. ముందు అది తనంతట తాను "వంకాయ, బెండకాయ" అని అరిచింది, మనుషులు నవ్వి తాళ్లు పట్టుకున్నారు. బావ మెడలో వల సంచిలో ట్యాబ్. ఈసారి ముడి మూల మారింది. నొక్కాడు.

ముందు గాలి వినపడింది, ఆ రోజు గాలి. తర్వాత "హో...య్" అని లేచింది. బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు, పెదవులు మూసుకుని. ఆ గొంతు మాత్రం ఆయన్ను దాటి, నీళ్ల మీద పరుచుకుంటూ, అవతలి కొన దగ్గర మంచులో కనపడని మనుషుల దాకా పోతోంది. కేకకూ 'లాగ్' కూ మధ్య ఆ బిగబట్టిన క్షణంలో నేను ఆయన మెడ చూశాను. రుమాలు కదలడం లేదు. ఊపిరి ఆపాడు. అప్పటి బావ ఎక్కడ ఆపాడో, ఇప్పటి బావ అక్కడే ఆపాడు. "లాగ్!" అనగానే రుమాలు ఎగిరింది, రెండు కొనల దగ్గరా అన్ని నడుములూ ఒక్కసారి వంగాయి. ఆ కేక ఎవరిదో, ఎప్పటిదో ఆ వల అడగలేదు. తిన్నగా, ఏ అంచూ లేవకుండా వచ్చేసింది.

రికార్డు చివర నా గొంతు కూడా ఉంది. "ఇగ చాలు బావా, చాయ్ తాగుదాం." కేక అయిపోయి మళ్లీ మొదలయ్యే ప్రతిసారీ అదీ మోగింది. మొదటిసారి కొందరు తాళ్లు వదలబోయారు. తర్వాత ఆ మాటకు కూడా ఒక లాగు లాగారు. వల గట్టుకు చేరేసరికి లోపల నీళ్లు కనపడలేదు, అన్నీ వెండి మెరుపులే. ఇది సాగదీయలేదు. అక్క సాక్షి.

ఇప్పుడు ఆ కేక వల లాగేవాళ్లందరి ఫోన్లలోనూ ఉంది, నా చాయ్‌తో సహా.

ఇదంతా రాసి నిన్న వాళ్లకు చదివి వినిపించాను. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బావ అంతా విని, ట్యాబ్ ఒళ్లోకి లాక్కుని, నిదానంగా టైపు చేశాడు. వార్తల ఆవిడ చదివింది.

"బామ్మర్దీ, ముడి విప్పింది నేను. నీ రెండు వేళ్లకు మిర్చి నూనె ఉండె. మీ అక్క నిన్ను ముట్టనియ్యలే."